ముత్యాల కొట్టులో ముముక్షువు

శతావధానం చేసి బొంబాయిని ఆశ్చర్యపరిచిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు, ఆ విద్యను అక్కడితో కట్టిపెట్టి నగల వ్యాపారంలో కూర్చున్నాడు. గాంధీ తన మనసు చెప్పుకున్నదీ, మునులు వచ్చి మొక్కిందీ ఆ వ్యాపారికే. ముప్ఫై మూడేళ్లు మాత్రమే బతికిన శ్రీమద్ రాజచంద్ర కథ ఇది.

1887 జనవరి 22. బొంబాయి ధోబీ తలావ్ దగ్గర ఫ్రామ్జీ కావస్జీ ఇన్‌స్టిట్యూట్ హాలు. వేదిక మీద కాఠియావాడ్ పల్లెటూరి కుర్రాడు, పేరు రాయ్‌చంద్ మెహతా, తరవాతి శ్రీమద్ రాజచంద్ర. ఆ వయసుకే అవధానిగా పేరు మోగిపోతోంది. ఒక పక్క చదరంగం ఎత్తులు, ఇంకో పక్క పేకముక్కలు. ఎవరో గంట కొడుతుంటే ఆ దెబ్బలు లెక్కపెట్టుకోవాలి. గుణకారాలు, భాగహారాలు చేయాలి. అడిగిన ఛందస్సులో, ఇచ్చిన విషయం మీద పద్యాలు చెప్పాలి. తనకు రాని గ్రీకు, లాటిన్, అరబ్బీ వాక్యాలను ముక్కలు చేసి, వరస తప్పించి ఒక్కో మాటే అందిస్తారు. చివర వాటిని సరైన వరసలో అప్పజెప్పాలి.

మన సభలు చూసినవాళ్లకు ఇదంతా ఎరిగిన సరుకే. ఘంటావధానం, వ్యస్తాక్షరి, దత్తపది, ఆఖర్న ధారణ. పద్యం మీద మనవాళ్లకున్నంత మోజు అక్కడ లేదేమో గానీ, విద్య మాత్రం అదే. రాయ్‌చంద్ దీన్ని ఏ గురువు దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. మోర్బీలో ఒక శాస్త్రిగారి అష్టావధానం చూసి వచ్చి, వెంటనే పన్నెండు పనులతో తనే చేసి చూపించాడట. తరవాత జామ్‌నగర్‌లో పదహారు, బోటాద్‌లో యాభై రెండు, చివరికి బొంబాయిలో నూరు. పత్రికలు రాశాయి. బంగారు పతకం ఇచ్చారు. ‘సాక్షాత్ సరస్వతి’ అన్నారు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ చార్లెస్ సార్జెంట్ పిలిచి, యూరప్ వెళ్లి ఈ విద్య ప్రదర్శించమని సలహా ఇచ్చాడు. అక్కడ జైన ఆచారాలు సాగవని కుర్రాడు ఒప్పుకోలేదు.

అంతవరకు బాగానే ఉంది. సముద్రం దాటనన్నవాళ్లు ఆ రోజుల్లో చాలామంది. అసలు విశేషం ఆ తరవాతిది. ఇరవై ఏళ్లు దాటీ దాటకముందే ఆయన అవధానాలే మానేశాడు. పిలిచిన సభలకు పోలేదు. కీర్తి మనిషిని బయటికి లాగుతుంది, తను వెళ్లాల్సింది లోపలికి అనుకున్నాడు.

తెలుగువాళ్లం ఈ నిర్ణయాన్ని మెచ్చుకోవడం కొంచెం కష్టమే. సరిగ్గా ఆ తరంలోనే మన తిరుపతి వేంకట కవులు పుట్టారు. ఒకరు రాయ్‌చంద్ కంటే మూడేళ్లు చిన్న, ఇంకొకరు అయిదేళ్లు. వాళ్లు మీసం పెంచి మరీ సవాళ్లు విసిరారు, ఊరూరా గెలిచారు, సంస్థానాలు ఏలికలతో సహా తలవంచాయి. ఆ దర్జా మనకు ఇప్పటికీ ముద్దు. అవధానం చేయగలిగీ చేయని మనిషిని ఏ లెక్కలో వేయాలో మనకు తెలియదు. రాయ్‌చంద్ గురించి ఆలోచించేటప్పుడు ఈ ఇబ్బందిని దాటేయకూడదనిపిస్తుంది. ఎందుకంటే ఆయన వదిలిందేమిటో, వదలనిదేమిటో చూస్తేనే ఆ మనిషి అర్థమవుతాడు. అందరూ ముచ్చటపడే విద్యను వదిలాడు. విరాగులందరూ ముందుగా వదిలే వ్యాపారాన్ని మాత్రం పట్టుకున్నాడు.

తుమ్మచెట్టు మీది పిల్లవాడు

పుట్టింది 1867 కార్తీక పున్నమినాడు, గుజరాత్‌లోని మోర్బీ దగ్గర వవాణియా అనే రేవు పల్లెలో. తండ్రి రావ్‌జీభాయ్, తల్లి దేవ్‌బా. తాత కృష్ణభక్తుడు. తల్లి జైన కుటుంబం నుంచి వచ్చింది. పిల్లవాడు మొదట తాతతో పాటు కృష్ణ కీర్తనలు పాడాడు, మెడలో కంఠీ కట్టించుకున్నాడు. తరవాత జైనుల ప్రతిక్రమణ సూత్రాలు చేతికొచ్చాయి. అందులో సకల జీవుల్నీ క్షమాపణ అడిగే తీరు అతన్ని అటు తిప్పింది.

ఏడేళ్ల వయసులో జరిగిన సంఘటన ఒకటి భక్తులు తప్పకుండా చెబుతారు. ఊళ్లో అమీచంద్ అనే ఆయన పాముకాటుతో పోయాడు. ఈ పిల్లవాడంటే ఆయనకు ఇష్టం. పోవడమంటే ఏమిటని పిల్లవాడు తాతను అడిగితే, ఆయన మాట తప్పించి అన్నం తినమన్నాడు. పిల్లవాడు ఎవరికీ చెప్పకుండా చెరువు వైపు వెళ్లి, తుమ్మచెట్టెక్కి చూశాడు. నిన్నటిదాకా పలకరించిన మనిషిని జనం చుట్టూ నిలబడి కాలుస్తున్నారు. ఎందుకు కాలుస్తున్నారు? కాలేది ఆయనే అయితే ఇంత క్రూరమా? ఆయన కాకపోతే ఆయన ఏడీ? ఆ ఆలోచనల్లో పూర్వజన్మల జ్ఞాపకం కలిగిందని సంప్రదాయం. జైనులు దాన్ని జాతిస్మరణ జ్ఞానం అంటారు. నమ్మేవాళ్లు నమ్ముతారు, నమ్మనివాళ్లు నమ్మరు. తరవాత జీవితమంతా ఆయన రాసింది ఆ ఆఖరి ప్రశ్నకు జవాబే అన్నదానికి మాత్రం నమ్మకాలతో పనిలేదు.

బడి రెండేళ్లలో అయిపోయింది. ఏడేళ్ల చదువు రెండేళ్లలో మింగేశాడని చెబుతారు. పదమూడో ఏటి నుంచి తండ్రి కొట్లో కూర్చున్నాడు. దస్తూరి ముచ్చటగా ఉంటుందని కచ్ దర్బారు వాళ్లు పిలిపించి రాతకోతలు చేయించుకునేవారట. ఇరవై రెండో ఏట తన గురించి తనే రాసుకున్న చిన్న వ్యాసంలో ఆ కొట్టు రోజుల గురించి ఒక మాట ఉంది: ఎవరికీ ధర ఎక్కువ తక్కువ చెప్పలేదు, ఎక్కువ తక్కువ తూచలేదు. తపస్సుల గురించీ దర్శనాల గురించీ ఎంతైనా రాసుకోగల మనిషి, తక్కెడ గురించి రాసుకున్నాడు. పదహారు దాటిన వయసులో మూడు రోజుల్లో నూటెనిమిది పాఠాల ‘మోక్షమాల’ రాసిన కుర్రాడు కూడా ఇతనే.

1888లో జబక్‌బాయితో పెళ్లయింది. ఆమె వైపు బంధువు రేవాశంకర్ జగ్జీవన్ మెహతాతో కలిసి బొంబాయిలో ముత్యాలు, రత్నాల వ్యాపారం మొదలుపెట్టాడు. ఇల్లు, పిల్లలు, లావాదేవీలు, ఓడ సరుకు. చూసేవాళ్లకు అచ్చమైన గుజరాతీ సేఠ్.

గాంధీ చూసిన మనిషి

1891 జూలైలో ఇంగ్లండ్ నుంచి బారిస్టరై తిరిగొచ్చిన గాంధీ బొంబాయిలో దిగాడు. తల్లి పోయిందన్న కబురు అప్పుడే తెలిసింది. దిగింది డాక్టర్ ప్రాణజీవన్ మెహతా ఇంట్లో. ప్రాణజీవన్, రేవాశంకర్ అన్నదమ్ములు. అక్కడే రాయ్‌చంద్‌ను పరిచయం చేశారు. ఇద్దరికీ వయసులో తేడా రెండేళ్లే. ఈయన శతావధాని అని చెప్పగానే సీమ నుంచి వచ్చిన బారిస్టరుకు పరీక్ష పెట్టాలనిపించింది. తనకొచ్చిన యూరప్ భాషల మాటలన్నీ కాగితం మీద రాసి చదివాడు. ఈయన వాటిని ఒక్కటీ పొల్లుపోకుండా అదే వరసలో తిరిగి చెప్పాడు. గాంధీ ముచ్చటపడ్డాడు. అయితే తన మీద మంత్రం వేసింది ఈ ధారణ కాదని ఆత్మకథలో ఆయనే రాశాడు.

ఆయన్ని కట్టిపడేసింది కొట్టు. లక్షల బేరం నడుస్తుంటుంది. ముత్యాల నాణ్యం, వజ్రాల ధర, పెద్ద పెద్ద చిక్కులు; రాయ్‌చంద్‌భాయ్ అన్నీ తేల్చేవాడు. బేరం ముగిసిందా, పక్కనే ఉన్న ధర్మగ్రంథమో, నోటు పుస్తకమో తెరుచుకునేది. అప్పటిదాకా మాట్లాడిన వ్యాపారి మాయమై, ఆత్మ గురించి రాసుకునే మనిషి అక్కడ కూర్చునేవాడు. తరవాత గాంధీ రాసిన జ్ఞాపకాల్లో ఆయన వేషం కూడా కళ్లకు కడుతుంది. ధోవతి, అంగరఖా, కండువా, తలపాగా. ఇస్త్రీ మడతలు చూసుకునే అలవాటు లేదు. నడక నెమ్మది, నడుస్తూనే ఆలోచన. ఎక్కడ ఏది వడ్డిస్తే అది తినేవాడు.

గాంధీ చెప్పిన ఒక చిన్న సంగతి నాకు అన్నింటికంటే ఇష్టం. ఒకసారి అహింస గురించి మాట్లాడుకుంటున్నారు. తోలు వస్తువులు వాడొచ్చా అన్న ప్రస్తావన వచ్చింది. తోలు లేకుండా గడవదు గానీ, తలమీద మాత్రం పెట్టుకోకూడదని ఇద్దరూ అనుకున్నారు. మరి మీ తలమీద ఉన్నదేమిటని గాంధీ అడిగాడు. టోపీ లోపల తోలు పట్టీ ఉంది. ఆయన ఎప్పుడూ చూసుకోలేదు. వాదించలేదు, సమర్థించుకోలేదు. టోపీ తీశాడు, పట్టీ పీకి పారేశాడు. అంతే, మాట మళ్లీ అహింస దగ్గరికి వెళ్లింది. చర్చలో ఓడినవాడు ఇంత హాయిగా ఓడిపోవడం మన టీవీ చర్చల కాలంలో చూడగలమా!

ఇంకోసారి గాంధీ, ఇంగ్లండ్ ప్రధాని గ్లాడ్‌స్టన్ భార్యను మెచ్చుకున్నాడు. పార్లమెంటు భవనంలో కూడా ఆమె తన చేత్తో భర్తకు టీ చేసిచ్చేదట. రాయ్‌చంద్ అడిగాడు: ఆ సేవ భార్య చేసినందుకు గొప్పా, సేవగా గొప్పా? అదే శ్రద్ధతో ఒక దాసి చేస్తే, ఒక చెల్లెలు చేస్తే ఇలాగే మెచ్చుకుంటావా? ఆ మాట మొదట కటువుగా తోచినా మనసును వదల్లేదనీ, తన బ్రహ్మచర్య ఆలోచనకు ఎక్కువగా బీజం అక్కడే పడిందనీ గాంధీ రాసుకున్నాడు. కస్తూర్బా అభిప్రాయం ఎవరూ అడిగినట్టు లేదు.

దక్షిణాఫ్రికాలో గాంధీని క్రైస్తవ మిత్రులు ఒక వైపు, ముస్లిం మిత్రులు ఒక వైపు తమ మతంలోకి రమ్మని పట్టుబట్టారు. తన మతంలో ఏముందో తనకే తెలియని దశ. 1894లో బొంబాయికి ఉత్తరం రాశాడు, ఇరవై ఏడు ప్రశ్నలతో. ఆత్మ అంటే ఏమిటి, ఈశ్వరుడెవరు, మోక్షం ఉందా, వేదాలు ఎవరివి, రాముడి కృష్ణుడి భక్తితో ముక్తి వస్తుందా... ఆఖరి ప్రశ్న మాత్రం శాస్త్రాల్లోది కాదు: పాము కరవడానికి వస్తే కరవనివ్వాలా, చంపాలా?

అమీచంద్‌ను పాము కరిచిన ఊళ్లో పెరిగినవాడు ఇచ్చిన జవాబు జాగ్రత్తగా చదవాలి. దేహం అనిత్యమని నిజంగా తెలిసినవాడికి, దాని కోసం ఇంకో ప్రాణిని చంపే అవసరం ఉండదు. ఆత్మహితం కోరేవాడు దేహాన్ని వదులుకోవడమే తగిన పని. ఆ స్థితి లేనివాడి సంగతేమిటి? వాడికి చంపమని చెప్పలేను అన్నాడు. అందరికీ ఒకే ఆజ్ఞ జారీ చేయలేదు, హింసకు చీటీ కూడా రాసివ్వలేదు. ఎదుటివాడి స్థితి చూసి మాట్లాడటం ఆయన ఉత్తరాలన్నింటిలోనూ కనిపిస్తుంది. జవాబుతో పాటు పుస్తకాలూ పంపాడు: పంచీకరణం, మణిరత్నమాల, యోగవాసిష్ఠంలోని ముముక్షు ప్రకరణం, హరిభద్ర సూరి షడ్దర్శన సముచ్చయం. నాలుగింటిలో జైనుడు రాసింది ఒక్కటే. తన మతంలోకి లాగాలనుకునేవాడు పంపే జాబితా కాదు అది.

అన్ని విషయాల్లోనూ ఆయన కాలాన్ని మించి ఆలోచించాడని చెప్పలేం. తిండి నియమాలు, వర్ణాచారాల గురించి గాంధీకి ఆయన ఇచ్చిన సలహా సంప్రదాయ ధోరణిలోనే ఉంది. గాంధీ వినలేదు. చివరిదాకా గౌరవించాడు, కానీ గురువు అనలేదు. గురువు సింహాసనం ఖాళీగానే ఉండిపోయిందని ఆత్మకథలో తేల్చి చెప్పాడు. తనను లోతుగా ప్రభావితం చేసిన ఆధునికులు ముగ్గురని రాసినప్పుడు మాత్రం టాల్‌స్టాయ్, రస్కిన్‌లకు ముందు రాయ్‌చంద్‌భాయ్ పేరు పెట్టాడు. ఆ ఇద్దరూ పుస్తకాలతో, ఈయన ప్రత్యక్ష పరిచయంతో.

లాంతరు వెలుగులో నూట నలభై రెండు పద్యాలు

ఆయన బోధ అంతా ఒకచోట దొరికేది ‘ఆత్మసిద్ధి శాస్త్రం’లో. 1896 శరదృతువులో నడియాద్‌లో రాశాడు. సాయలా ఊరి సౌభాగ్‌భాయ్ వయసులో పెద్దవాడు, ఆప్తుడు. అంతకుముందు ఆత్మ గురించి రాయ్‌చంద్ ఆరు విషయాలతో ఒక పెద్ద ఉత్తరం రాశాడు. వచనం కంఠతా పట్టడం కష్టంగా ఉంది, పద్యంలో చెప్పమని సౌభాగ్‌భాయ్ కోరాడు. ఒక సాయంత్రం రాయ్‌చంద్ రాయడానికి కూర్చున్నాడు. ఖంభాత్ నుంచి వచ్చిన శిష్యుడు అంబాలాల్ లాంతరు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. రెండు గంటలు గడవకముందే నూట నలభై రెండు పద్యాలు పూర్తయ్యాయి. సభల్లో మానేసిన అవధాన శక్తి ఎటు పోయిందో ఆ సాయంత్రం తెలుస్తుంది. అంబాలాల్ నాలుగు ప్రతులు రాశాడు. అవి నలుగురి చేతికే వెళ్లాయి.

గ్రంథం మొదట్లోనే రెండు జబ్బులు చెబుతాడు. ఒకటి, అర్థం పట్టించుకోకుండా క్రియలు చేసుకుంటూ పోయి అదే మోక్షమార్గమనుకోవడం. రెండోది, బంధమూ మోక్షమూ కల్పనలే అని మాటల్లో తేల్చేసి, నడతలో మోహం వదలకపోవడం. మొదటిది ఉపవాసాల లెక్క చెప్పుకునేవాళ్లకు, రెండోది వేదాంతం దంచేవాళ్లకు. ఈ ఇద్దరూ ఏ మతంలో లేరు?

తరవాత గురుశిష్య సంవాదం. ఆత్మ ఉంది, అది నిత్యం, అది కర్మకు కర్త, ఫలానికి భోక్త, మోక్షం ఉంది, దానికి ఉపాయం ఉంది. ఈ ఆరింటినీ వరసగా నిలబెట్టడమే పని. కానీ గ్రంథానికి ప్రాణం శిష్యుడి సందేహాల్లో ఉంది. శిష్యుడు తలూపే రకం కాదు. కంటికి కనిపించదు, రూపం లేదు, కుండా బట్టా ఉన్నట్టుగా ఉంటే కనబడొద్దా అంటాడు. దేహమే ఆత్మ ఎందుకు కాకూడదంటాడు. అన్ని మతాలు, అన్ని దారులు ఉన్నప్పుడు ఏది నిజమని నమ్మేదంటాడు. ఒక్కో ప్రశ్నకూ గురువు తర్కంతోనే బదులిస్తాడు; ఆత్మను శంకించేవాడు ఎవడో అదే చూసుకోమంటాడు, ఒరా కత్తీ వేరైనట్టు దేహమూ ఆత్మా వేరంటాడు. చెప్పిన దారిలో నడిస్తే మోక్షానికి కులంతో, వేషంతో భేదం లేదని చెప్పింది కూడా ఇక్కడే. గాంధీకి రాసిన ఉత్తరంలో వర్ణాచారం చెప్పిన కలమే ఇది. ఆ రెంటి మధ్య పేచీని భక్తులు ఎలా సర్దుకున్నా, పద్యమే ఎక్కువ కాలం నిలిచింది.

గ్రంథంలో ఎక్కడా జైనుల శ్వేతాంబర, దిగంబర శాఖల గొడవ లేదు. శ్వేతాంబరుల నడుమ పెరిగి, దిగంబరాచార్యుడైన కుందకుందుణ్ని నెత్తిన పెట్టుకున్నాడాయన. కుందకుందుడి ‘పంచాస్తికాయం’ గుజరాతీలోకి తెచ్చాడు. ఆ వాక్యాలు తనకు పరమోపకారం చేశాయని నోటు పుస్తకంలో నమస్కారాలు రాసుకున్నాడు. ఈ కుందకుందుడి ఊరు అనంతపురం జిల్లా వజ్రకరూరు మండలంలోని కొనకొండ్ల అని పండితులు గుర్తించారు. ఊరి పక్క రససిద్ధుల గుట్ట మీద ఇప్పటికీ తీర్థంకరుల విగ్రహాలున్నాయి. తొలకరి పడగానే ఆ చుట్టుపక్కల చేలల్లో జనం వజ్రాల కోసం వంగి వెతుకుతుంటారు. బొంబాయి వజ్రాల వ్యాపారి తలవంచింది కూడా ఆ నేల మనిషికే.

గృహస్థుకు గురుస్థానం ఇవ్వడం జైన సంఘానికి మింగుడుపడలేదు. లల్లూజీ అనే స్థానకవాసి శాఖ ముని, వయసులో పెద్దవాడు, సన్యాసం తీసుకున్నవాడు, ఖంభాత్‌లో ఈ తలపాగా వ్యాపారికి సాష్టాంగపడ్డాడు. ముని గృహస్థుకు మొక్కడమేమిటని గగ్గోలు పుట్టింది. తమ సంఘం వెలి వేసినా లల్లూజీ వెనక్కి తగ్గలేదు. రాయ్‌చంద్ మాత్రం తనను గురువుగా చాటొద్దనే చెబుతూ వచ్చాడు. తను బయటి త్యాగం చేసేదాకా మార్గం బోధించే అధికారం తనకు లేదన్నది ఆయన పట్టుదల.

మరి ఆ త్యాగం ఎందుకు ఆలస్యం చేశాడు? ఉత్తరాల్లో వ్యాపారం బరువు గురించి పదే పదే వాపోతాడు. తనను నమ్మి పెట్టుబడి పెట్టినవాళ్లను, కుటుంబాన్ని నడిమధ్యలో వదలడం కొత్త అప్పు చేయడమే అనుకున్నాడు. పాత కర్మను ఇష్టాయిష్టాలు లేకుండా తీర్చేయాలన్నాడు. బేరం ఖరారైన తరవాత ధర పెరిగి ఎదుటి వ్యాపారి కుప్పకూలే స్థితి వస్తే, ఈయనే వెళ్లి ఒప్పందం కాగితం చించేశాడని, పాలు తాగుతాను గాని నెత్తురు తాగలేనన్నాడని భక్తులు చెప్పుకుంటారు. వీలైనప్పుడల్లా బొంబాయి వదిలి ఖంభాత్ పల్లెలకు, ఈడర్ కొండలకు వెళ్లేవాడు. కొండల మీద చెప్పుల్లేకుండా తిరిగేవాడు, మునులను కూర్చోబెట్టుకుని నేమిచంద్రుడి ‘ద్రవ్యసంగ్రహం’ చదివేవాడు.

వ్యాపారం నుంచి తప్పుకునేసరికి ఒళ్లు సహకరించలేదు. 1900లో శాస్త్రగ్రంథాలు అచ్చు వేయడానికి పరమశ్రుత ప్రభావక మండలిని మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో వఢ్వాణ్‌లో తీసిన ఫొటోలే ఇప్పుడు అన్ని ఆశ్రమాల్లో కనిపిస్తాయి. ఎముకలు లెక్కపెట్టొచ్చు, చూపు మాత్రం స్థిరంగా ఉంటుంది. 1901 ఏప్రిల్ 9న రాజ్‌కోట్‌లో కన్నుమూశాడు. సన్యాసం తీసుకోనే లేదు.

తనను గురువుగా చాటొద్దన్న మనిషి పేర ఇప్పుడు ఆశ్రమాలు చాలానే ఉన్నాయి. లల్లూజీ ముని 1920లో అగాస్‌లో మొదలుపెట్టినది పాతది. ధరంపూర్‌ది ఇప్పుడు దేశదేశాలకు పాకింది. మనకు దగ్గరలో కూడా ఒకటుంది. గుంతకల్లు నుంచి హోస్పేట రైలెక్కి హంపి చేరితే, తుంగభద్ర ఒడ్డున రత్నకూటం మీద శ్రీమద్ రాజచంద్ర ఆశ్రమం. గుహల్లో ఒంటరిగా సాధన చేసిన సహజానందఘన్ అనే కచ్ ముని 1961లో నెలకొల్పాడు. విరూపాక్షుణ్ని చూసి వచ్చే మన యాత్రికులు చాలామంది అది గుజరాతీ సత్రం అనుకుని దాటిపోతారు. 2017లో నూట యాభయ్యో జయంతికి కేంద్ర ప్రభుత్వం సాబర్మతిలో తపాలా బిళ్ల, నాణెం విడుదల చేసింది.

ఆ కొట్టు సంగతి ఒకటి మిగిలింది. భాగస్వామి రేవాశంకర్ తరవాతా వ్యాపారం నడిపాడు, గాంధీకి ఆప్తుడయ్యాడు. బొంబాయి గాందేవిలోని తన రెండంతస్తుల మేడను ఆయన కోసం తెరిచి ఉంచాడు. 1917 నుంచి 1934 దాకా గాంధీ బొంబాయి వస్తే దిగింది అందులోనే. రౌలట్ చట్టంపై సత్యాగ్రహానికి పిలుపు వెళ్లింది అక్కడి నుంచే. ఆ మేడ పేరు మణి భవన్. లాబర్నమ్ రోడ్డులో ఇప్పుడది మ్యూజియం, లోపలికి వెళ్లి చూడొచ్చు.